‘ఆదా’ ఎవరి పద్దులో? నగర వేగ పరిమితుల లెక్కపై ఒక పరిశీలన

విజయవాడలో రామవరప్పాడు రింగ్ దాటి బెంజి సర్కిల్ వైపు వచ్చే జాతీయ రహదారి 16, ఊరి మధ్యలోంచే సాగి కృష్ణా నది మీది వారధి ఎక్కుతుంది. ఫ్లైఓవర్ మీద కోల్‌కతా-చెన్నై లారీలు, దూరప్రాంతపు బస్సులు పోతుంటే, కింద సర్కిల్‌లో షేర్ ఆటోలు, సిటీ బస్సులు, స్కూటర్లు, రోడ్డు దాటే మనుషులు ఒకరినొకరు తప్పించుకుంటూ కదులుతుంటారు. ఇలాంటి ఊళ్లో వేగ పరిమితి తగ్గించాలన్న మాట వచ్చినప్పుడల్లా దాని వెంటే ఒక అంకె కూడా వస్తుంది: పరిమితి తగ్గితే ఏటా ఇన్ని కోట్లు ఆదా అని. కాదనేవారి దగ్గరా ఒక అంకె సిద్ధంగా ఉంటుంది: ఇన్ని లక్షల పనిగంటలు వృథా, వాటి విలువ ఇన్ని కోట్లు అని. ఈ రెండింటినీ కాకిలెక్కలని తోసేయడం న్యాయం కాదు, ఎందుకంటే రెండింటి వెనుకా ఒక పద్ధతి ఉంది. అయితే ఆ పద్ధతుల్లో ‘ఆదా’ అనే మాటకు, ఇంట్లో జమా ఖర్చులు రాసుకునేవారు ఇచ్చే అర్థం లేదు. చర్చ పెడదారి పట్టేది అక్కడే.

ముందుగా చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లోని 112వ సెక్షన్ గరిష్ఠ వేగాల్ని నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికి ఇస్తూనే, ప్రజల భద్రత కోసం ఏదైనా ప్రాంతంలో లేదా రోడ్డు మీద అంతకంటే తక్కువ పరిమితి పెట్టే వెసులుబాటును రాష్ట్రానికి వదిలింది. కేంద్రం 2018 ఏప్రిల్‌లో జారీ చేసిన నోటిఫికేషన్ పురపాలక పరిధిలోని రోడ్లపై కార్లకు గంటకు 70, మోటారు సైకిళ్లకు 60, మూడు చక్రాల వాహనాలకు 50 కిలోమీటర్లు అని రాసింది. పగటిపూట ఏలూరు రోడ్డు మీద 70 కిలోమీటర్ల వేగంతో కారు నడపడం ఎవరికైనా ఎలా సాధ్యమో ఆ నోటిఫికేషన్ రాసినవారే చెప్పాలి. అదే రోడ్డు మీద రాత్రి పదకొండు దాటాక అది సాధ్యమే, జరుగుతున్నదే. ఈ పగలూ రాత్రీ తేడాను గుర్తు పెట్టుకోవాలి, లెక్కలో అది మళ్లీ వస్తుంది.

వేగం తగ్గితే ప్రమాద తీవ్రత తగ్గుతుందన్న దాని మీద పెద్దగా వివాదం లేదు. డ్రైవరు అడ్డంకిని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు ఆ సెకనులో ఎనిమిది మీటర్లకు కాస్త ఎక్కువ ప్రయాణించి, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పడితే మరో అయిదు మీటర్లలో ఆగిపోతుంది. 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు ఆ మొదటి సెకనులోనే దాదాపు 14 మీటర్లు దాటేస్తుంది. అంటే మొదటి కారు పూర్తిగా ఆగిన చోటికి రెండో కారు ఇంకా 50 వేగంతోనే చేరుతుంది, అక్కడికి బ్రేకు పని మొదలే కాదు. ఆ చోట రోడ్డు దాటుతున్న మనిషి ఉంటే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. కారు ఢీకొన్న పాదచారి మరణించే ముప్పు 50 కిలోమీటర్ల వద్ద ఉన్నదానికి 65 వద్ద నాలుగున్నర రెట్లు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అసలు వివాదం దీన్ని రూపాయల్లోకి మార్చేటప్పుడు పుడుతుంది.

ప్రాణానికి ఎన్ని ధరలు

దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల కలిగే మొత్తం నష్టానికి అధికారికంగా చెలామణీలో ఉన్న అంకెలనే చూద్దాం. 1999-2000 సంవత్సరానికి ప్రణాళికా సంఘం వేసిన అంచనా 55,000 కోట్ల రూపాయలు, అప్పటి స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 3 శాతం. తర్వాత కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఐఐటీ నిపుణుల భాగస్వామ్యంతో జరిగిన అధ్యయనం 2018 సంవత్సరానికి 1,47,114 కోట్లు అని తేల్చింది. అంకె పెద్దదే అయినా దేశీయోత్పత్తిలో అది 0.77 శాతమే. పద్దెనిమిదేళ్లలో మన రోడ్లు నాలుగు రెట్లు సురక్షితమయ్యాయని దీనికి అర్థమా? ముమ్మాటికీ కాదు. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించారు. మారింది కొలిచే పద్ధతి. 2018 అధ్యయనంలో మరణానికి ఇంత, తీవ్ర గాయానికి ఇంత అని విడివిడిగా ధర కట్టి కూడారు. చాలా దేశాలకు రోడ్డు ప్రమాదాల నష్టం దేశీయోత్పత్తిలో 3 శాతం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే అంకె ఇప్పటికీ ప్రసంగాల్లో వినిపిస్తుంది. విజయవాడకో గుంటూరుకో ఆదా లెక్క కట్టేవారు ఈ రెండింటిలో దేన్ని ఎత్తుకుంటే ఫలితం ఆ మేరకు నాలుగు రెట్లు పెరుగుతుంది లేదా తరుగుతుంది. ఇంకా వేగం గురించి ఒక్క ముక్క మాట్లాడకముందే ఇంత తేడా వచ్చేసింది.

విడివిడిగా కట్టిన ధరలోకి వెళితే, 2018 నాటి ఆ అధ్యయనం ప్రకారం ఒక మరణం వల్ల సమాజానికి కలిగే నష్టం సుమారు 91 లక్షల రూపాయలు, ఒక తీవ్ర గాయం వల్ల కలిగేది 3.64 లక్షలు. దీన్ని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఇచ్చే పరిహారంతో పోల్చి చూడవచ్చు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో ఖరారు చేసిన సూత్రాల ప్రకారం ట్రిబ్యునళ్లు లెక్క కడతాయి. ఉదాహరణకు నెలకు 15,000 సంపాదించే ముప్పై ఏళ్ల ఆటో డ్రైవరు, భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాది ఆదాయం 1.80 లక్షలు. భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 2.52 లక్షలు. తన సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 1.68 లక్షలు. ఆ వయసుకు వర్తించే గుణకం (ఎన్నేళ్ల ఆదాయం ఇవ్వాలో వయసునుబట్టి చెప్పే సంఖ్య) 17 కాబట్టి మొత్తం 28.56 లక్షలు, అంత్యక్రియల ఖర్చు వంటి చిన్న పద్దులు అదనం. అదే మనిషి ప్రాణానికి రవాణా శాఖ అధ్యయనంలో మూడు రెట్లకు పైగా విలువ ఉంది. బ్రిటన్‌లో మరోరకంగా, ప్రమాద ముప్పును కాస్త తగ్గించుకోవడానికి జనం ఎంత చెల్లించడానికి ఇష్టపడతారో అడిగి తెలుసుకుని, దాన్నిబట్టి ఒక మరణ నివారణకు సుమారు 20 లక్షల పౌండ్ల విలువ కట్టారు. అక్కడ చనిపోయినవారి జీతం ఎంత అన్న ప్రశ్నే రాదు.

ఆదాయాన్నిబట్టి ప్రాణానికి విలువ కట్టే పద్ధతిలో ఒక చిక్కు ఉంది, నగర వేగ పరిమితుల విషయంలో అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రోడ్డు మీద నడిచేవారు, సైకిలు తొక్కేవారు, తోపుడు బండి నెట్టేవారు, తెల్లవారుజామున చెత్త ఊడ్చే కార్మికులు ఎక్కువగా తక్కువ ఆదాయం ఉన్నవారు. కృష్ణలంకలో సందు చివర రోడ్డు దాటే అరవై ఎనిమిదేళ్ల వృద్ధురాలికి ట్రిబ్యునల్ గుణకం 5. ఇంటి చాకిరీకి జీతం లేదు కాబట్టి గృహిణి విషయంలో ఏదో ఒక ఊహా ఆదాయం రాసుకోవాలి. ఆ పనికి విలువ ఉందని, దాన్ని తప్పక లెక్కించాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు మరోసారి గట్టిగా చెప్పవలసి వచ్చింది. ఇటువైపు ప్రాణాల విలువ ఇలా తగ్గుతుంటే, అటువైపు ప్రయాణ సమయం విలువను కూడా ఆదాయంతోనే కొలుస్తారు కాబట్టి, కారులో వెళ్లేవారి నిమిషం నడిచివెళ్లేవారి నిమిషం కంటే ఎక్కువ పలుకుతుంది. నష్టపోయేవారి ప్రాణం చౌక, తొందరపడేవారి నిమిషం ప్రియం. అంకెలు వేసేవారికి ఇలాంటి ఉద్దేశం ఉందని కాదు. పద్ధతిని యథాతథంగా అమలు చేస్తే ఫలితం దానంతటదే అటు మొగ్గుతుంది. అందుకే చాలా దేశాలు ఆదాయంతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే సగటు విలువ వాడతాయి. మన నగరాల లెక్కల్లోనూ అదే చేయాలి.

అర నిమిషం ఖరీదు

ఇప్పుడు రెండో పక్క. ఒక ఊహా లెక్క వేద్దాం. ఇందులోని రాకపోకల, మరణాల అంకెలు ఏ రోడ్డు మీదా కొలిచినవి కావు, పద్ధతి అర్థం కావడానికి తీసుకున్నవి. నగరంలో ఒక ప్రధాన మార్గంలో పరిమితి తగ్గించడం వల్ల సగటు వేగం 40 నుంచి 38 కిలోమీటర్లకు తగ్గిందనుకుందాం. పరిమితిని పది తగ్గించినా సగటు వేగం అంత తగ్గదు. బోర్డు మీది అంకెకూ చక్రం తిరిగే వేగానికీ మధ్య ఎప్పుడూ దూరం ఉంటుంది. ఆరు కిలోమీటర్ల ప్రయాణానికి 9 నిమిషాలు పట్టేది 9 నిమిషాల 28 సెకన్లు అవుతుంది, అంటే దాదాపు అర నిమిషం ఆలస్యం. రోజుకు లక్ష మంది అలా ప్రయాణిస్తే మొత్తం 833 గంటలు. పైన చెప్పిన ఆటో డ్రైవరు నెలకు 200 గంటలు పనిచేస్తాడనుకుంటే అతని గంట విలువ 75 రూపాయలు. ఆ ధరకు రోజుకు 62,500 రూపాయలు, ఏడాదికి 300 రోజుల లెక్కన 1.87 కోట్లు. ఇది కాల నష్టం.

దీన్ని పూడ్చడానికి ఎన్ని మరణాలు తప్పాలి? ప్రాణానికి 91 లక్షలు వేస్తే రెండుకు కాస్త ఎక్కువ. ట్రిబ్యునల్ లెక్కన 28.56 లక్షలు వేస్తే ఆరు దాటి ఏడుకు దగ్గర పడాలి. ఒకే రోడ్డు, అదే అర నిమిషం, అదే డ్రైవరు ఆదాయం.

మరి ఎన్ని మరణాలు తప్పుతాయి? ఇక్కడ స్వీడన్‌కు చెందిన గోరన్ నిల్సన్ ప్రతిపాదించిన సూత్రాన్ని ప్రపంచమంతా వాడుతుంది. సగటు వేగం ఎంత నిష్పత్తిలో తగ్గితే, ప్రాణాంతక ప్రమాదాలు ఆ నిష్పత్తికి నాలుగో ఘాతం (ఆ నిష్పత్తిని నాలుగుసార్లు వేసి గుణిస్తే వచ్చేది) మేరకు తగ్గుతాయని అది చెబుతుంది. వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు నాలుగు శాతం పెరుగుతాయని తరచూ వినిపించే మాటకు మూలం ఇదే. 40 నుంచి 38కి తగ్గితే, ఆ లెక్కన ప్రాణాంతక ప్రమాదాలు సుమారు 18.5 శాతం తగ్గాలి. అయితే నార్వే పరిశోధకుడు రూన్ ఎల్విక్ 2009లో అనేక అధ్యయనాలను గుదిగుచ్చి చూసినప్పుడు, నగర రోడ్ల మీద ఆ ఘాతాంకం నాలుగు కాకుండా 2.6 దగ్గర తేలింది. ఆ లెక్కన తగ్గుదల 12.5 శాతమే. మన ఊహా మార్గంలో ఏటా 12 మరణాలు సంభవిస్తున్నాయనుకుంటే, మొదటి సూత్రం ప్రకారం 2.2 మరణాలు తప్పుతాయి, రెండోదాని ప్రకారం 1.5. ప్రాణానికి 91 లక్షల విలువతోనే చూసినా మొదటి లెక్కలో నగరానికి లాభం, రెండో లెక్కలో నష్టం. ఘాతాంకంలో చిన్న మార్పు ‘ఆదా’ను ‘వృథా’గా మార్చేసింది. తీవ్ర గాయాలను కూడా కలిపితే తూకం మళ్లీ కదులుతుంది. ఈ వివరమేమీ లేకుండా ఎవరైనా ఒక్క అంకె చెప్పి వాదన ముగిసిందంటే, ఆ అంకెను నమ్మడానికి కారణం కనిపించదు.

అసలు ఆ అర నిమిషానికి విలువ కట్టవచ్చా అన్నది మరో వాదన. లక్ష మందికి తలా అర నిమిషం పోతే 833 గంటల పని ఆగిపోయినట్టు లెక్క చెబుతుంది. కానీ ఆఫీసుకు అర నిమిషం ముందు చేరినవారు ఆ అర నిమిషంలో ఏ పనీ చేయరు. టీ కొట్టు దగ్గర అంతకంటే ఎక్కువసేపే నిలబడతారు. దీనికి అర్థశాస్త్రజ్ఞుల జవాబు కూడా తేలిగ్గా కొట్టేయదగినది కాదు: చిన్న ముక్కలను సున్నా అనుకుంటూ పోతే, పెద్ద రోడ్డు ప్రాజెక్టును పది చిన్న పనులుగా విడగొట్టి ప్రతిదాని లాభాన్నీ సున్నా చేయవచ్చు. వంతెన కట్టేటప్పుడు తలా రెండు నిమిషాల ఆదాను కోట్లలో చూపి, వేగం తగ్గించేటప్పుడు తలా అర నిమిషం లెక్కలోకి రాదనడం సబబు కాదు. ఇది నిజాయితీగల అభ్యంతరం. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్‌ను, కనకదుర్గ ఫ్లైఓవర్‌ను సమర్థించిన లెక్కలోనూ ఇలాంటి నిమిషాలే ఉన్నాయి. రహదారి ప్రాజెక్టుల ఆర్థిక మదింపుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ విడుదల చేసిన మార్గదర్శిక కూడా ప్రయాణ కాలానికి, వాహన నిర్వహణ ఖర్చుకు విలువ కట్టే పద్ధతి చెబుతుంది. ఆ పద్ధతిని రోడ్డు వేసేటప్పుడు వాడి, వేగం తగ్గించేటప్పుడు పక్కన పెట్టడం కుదరదు.

అయితే ఆ నిమిషాలు నిజంగా పోతాయా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు రోడ్డునుబట్టి ఉంటుంది. విజయవాడ ఊరి మధ్యలోంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పారుతున్నాయి. వాటి మీద ఉన్న కొద్దిపాటి వంతెనల దగ్గరికి నాలుగు వైపుల నుంచి వాహనాలు వచ్చి చేరతాయి. ఒక వంతెన నుంచి మరో వంతెన దాకా ఎంత వేగంగా పోయినా, దాని మొదట్లో ఆగవలసిందే. బందరు రోడ్డు మీద సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు దూకుతూ పోయే కారు ఎర్రలైటు దగ్గర నెమ్మదిగా వచ్చిన కారు కోసం ఎదురుచూస్తుంది. ఇలాంటి చోట గరిష్ఠ వేగాన్ని 50 నుంచి 40 చేస్తే ప్రయాణ కాలం మీద పడే ప్రభావం కాగితం మీది భాగహారం చెప్పేదానికంటే చాలా తక్కువ. కాల నష్టం నిజంగా జరిగేది ఖాళీ రోడ్డు మీద, అంటే రాత్రిపూట. సత్యనారాయణపురం వైపు పాత రైలు మార్గం స్థానంలో వెడల్పుగా వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు లాంటి చోట రాత్రి పరిమితి గట్టిగా అమలైతే కొందరికి నిమిషాలు పోతాయి. ఆ వేళ ప్రయాణించేవారు తక్కువ, ఆ వేగాలకు జరిగే ప్రమాదం తీవ్రత ఎక్కువ. రోజంతటి సగటు తీసుకుని వేసే లెక్కలో ఈ తేడా మాయమవుతుంది. పగలు లేని కాల నష్టాన్ని కలుపుతుంది, రాత్రి ఉన్న భద్రతా లాభాన్ని పలుచన చేస్తుంది.

గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేటల సంగతి మరీ తేలిక. లైన్లు, అడ్డరోడ్లు చదరంగం పలకలా గీసిన ఆ పేటల్లో ‘నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు’ అని చిరునామా చెప్పుకుంటారు. ప్రతి అడ్డరోడ్డు దగ్గరా సిగ్నల్ లేని కూడలి, వాటి పక్కనే ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, టిఫిన్ బళ్లు. అక్కడ 30 కిలోమీటర్ల పరిమితి పెడితే ఎవరి కాలమూ పోదు. అక్కడ ఆదా లెక్క కోసం నిపుణులను పిలవడం కూడా దండగే.

సెకన్లు నిజంగా రూపాయలుగా మారే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటి గురించి మాట్లాడేవారు తక్కువ. ఆర్టీసీ సిటీ బస్సు ఒక ట్రిప్పుకు తీసుకునే సమయం కొంత దాటితే, రోజుకు తిరిగే ట్రిప్పుల్లో ఒకటి తగ్గుతుంది, లేదా అదే సంఖ్య నిలబెట్టడానికి మరో బస్సు, మరో డ్రైవరు కావాలి. ఇది ఊహా విలువ కాదు, సంస్థ ఖర్చు. షేర్ ఆటో నడిపేవారికి రోజు కిరాయి కట్టాక మిగిలేదే ఆదాయం. ఆర్డరుకు ఇంత అని సంపాదించే డెలివరీ కుర్రాళ్లకు వేగమే కూలి, వాళ్ల ప్రాణం మీదికి వచ్చేదీ ఆ వేగమే. పరిమితి తగ్గించే ప్రతిపాదనలో వీరి సంపాదన మీద పడే ప్రభావాన్ని విడిగా చూపకపోతే, లాభం అందరికీ పంచి, ఖర్చు మాత్రం కొందరి నెత్తిన పెట్టినట్టవుతుంది.

ఇదే తగవు ఇటీవల బ్రిటన్‌లోని వేల్స్‌లో పెద్ద ఎత్తున నడిచింది. 2023 సెప్టెంబరు 17 నుంచి అక్కడి జనావాస వీధుల్లో సాధారణ వేగ పరిమితిని గంటకు 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు, అంటే మన లెక్కలో సుమారు 48 నుంచి 32 కిలోమీటర్లకు తగ్గించారు. ప్రభుత్వం తన పత్రాల్లోనే, ప్రయాణ కాలం పెరగడం వల్ల ముప్పై ఏళ్లలో కలిగే ఆర్థిక నష్టాన్ని మధ్యస్థ అంచనాగా 450 కోట్ల పౌండ్లని రాసింది. మరోవైపు మరణాలు, గాయాలు తగ్గడం వల్ల ఏటా 9.2 కోట్ల పౌండ్లు మిగులుతాయన్న విద్యాసంస్థ అధ్యయనాన్ని ముందుకు తెచ్చింది. వ్యతిరేకులు మొదటి అంకెను, అనుకూలురు రెండో అంకెను పట్టుకున్నారు. నిజానికి ఒకటి ముప్పై ఏళ్లకు, రెండోది ఏడాదికి. మొదటిదాంట్లో అధిక భాగం తలా ఒక నిమిషం లెక్క, రెండోదాంట్లో అధిక భాగం ప్రాణాలకు, గాయాలకు కట్టిన విలువ. ప్రభుత్వ వైద్య సేవ ఖాతాలో మిగిలే నగదు అందులో చిన్న ముక్క. ‘ఆసుపత్రులకు 9.2 కోట్లు మిగులుతాయి’ అని వాడుకలో పడ్డాక ఆ తేడా చెప్పినా వినేవారు లేకపోయారు. పరిమితిని రద్దు చేయాలన్న పిటిషన్ మీద 4.6 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆ తర్వాత ప్రధాన రోడ్ల మీద కొలిస్తే సగటు వేగం తగ్గింది పది మైళ్లు కాదు, రెండున్నర మైళ్ల మేర. అయినా 20, 30 మైళ్ల పరిమితి ఉన్న రోడ్లపై గాయపడినవారి సంఖ్య దాదాపు నాలుగో వంతు తగ్గింది. వేగం అనుకున్నంత తగ్గలేదు కాబట్టి కాల నష్టమూ అనుకున్నంత ఉండకూడదు. ఆ మాట చెప్పుకునే ఓపిక అప్పటికి రెండు పక్షాల్లోనూ మిగల్లేదు.

ఎవరికి మిగులుతుంది

మన దగ్గర ‘ఆదా’ అయ్యే ప్రతి రూపాయీ ఎవరి పద్దులోకి పోతుందో విడదీసి చూడడం అవసరం. ప్రమాదాలు కొన్ని తగ్గినంత మాత్రాన విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుంటూరు జీజీహెచ్‌లోనో జీతాల బిల్లు తగ్గదు, ఆపరేషన్ థియేటర్ మూతపడదు. ఖాళీ అయిన మంచం మీదికి అప్పటిదాకా ఎదురుచూస్తున్న మరో రోగి వస్తారు. అది గొప్ప లాభమే, కానీ ఖజానాకు మిగిలిన నగదు కాదు. ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స అందించే కేంద్ర పథకం 2025లో అమలులోకి వచ్చింది. ప్రమాదాలు తగ్గితే ఆ మేరకు చెల్లింపులు తగ్గుతాయి, ఇది మాత్రం అక్షరాలా ఆదా. వాహనాన్ని గుర్తించలేని ప్రమాదాల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇచ్చే పరిహారం కూడా అంతే. బీమా సంస్థలకు క్లెయిములు తగ్గుతాయి, ఆ తగ్గింపు ప్రీమియంలో ఎప్పుడు కనిపిస్తుందో ఆ సంస్థలకే తెలియాలి.

అన్నిటికంటే పెద్ద పద్దు కుటుంబాలది. కాలు విరిగి నాలుగు నెలలు మంచాన పడిన కూలీ ఇంట్లో పోయే సంపాదన, తాకట్టు పెట్టే పుస్తెలు, చదువు మానే పిల్ల, ఇవి ఏ శాఖ బడ్జెట్‌లోనూ పద్దుగా కనిపించవు. అందుకే ‘నగరపాలక సంస్థకు ఏం మిగులుతుంది’ అని అడిగితే జవాబు చాలా చిన్నదిగా, ‘నగరానికి ఏం మిగులుతుంది’ అని అడిగితే చాలా పెద్దదిగా వస్తుంది. బోర్డులు, కెమెరాలు, ఎత్తు చేసిన పాదచారుల దారులు, వీటికి డబ్బు పెట్టవలసింది మొదటిది. ఫలం పొందేది రెండోది. ఆర్థిక శాఖ అధికారులకు ఆదా కనబడకపోవడంలో వింత లేదు.

ఈ-చలానా జరిమానాలను కొందరు లాభం కింద కలుపుతారు. 2019 సవరణ తర్వాత అతివేగానికి తేలికపాటి వాహనాలకు వెయ్యి నుంచి రెండు వేల రూపాయల జరిమానా ఉంది. ఒక జేబులోంచి తీసి మరో జేబులో వేసిన డబ్బు సమాజానికి ఆదా కాదు. పైగా పరిమితిని అందరూ పాటిస్తే ఆ రాబడి సున్నాకు చేరాలి. రాబడి పెరుగుతున్నదంటే పథకం పనిచేయడం లేదనే అర్థం. ఇంధనం విషయంలోనూ జాగ్రత్త అవసరం. కారు గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల నిలకడ వేగంతో పోయినప్పుడు పెట్రోలు తక్కువ తాగుతుందన్నది నిజమే కాబట్టి, 30 పరిమితి వల్ల ఇంధనం వృథా అంటారు. నగరంలో ఇంధనాన్ని మింగేది ఆగడం, లంకించుకోవడం, మళ్లీ ఆగడం. నిలకడగా 50లో పోయే కారు సిటీలో దొరకడమే అరుదు కాబట్టి ఈ పద్దు అటూ ఇటూ పెద్దగా తేలదు.

పరిమితి తగ్గించాక ఫలితాన్ని కొలవడంలో మరికొన్ని ఉచ్చులున్నాయి. 2022లో దేశంలోని ప్రమాదాల్లో 72 శాతానికి కారణం అతివేగమని కేంద్ర నివేదిక చెబుతుంది. ఆ అంకెకు మూలం పోలీసుల నమోదు. ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అనే వాక్యం ఎఫ్ఐఆర్‌లో దాదాపు ముద్రించి పెట్టుకున్నట్టు పడుతుంది, ప్రమాద సమయంలో వాహన వేగాన్ని కొలిచినవారు ఎవరూ ఉండరు. కాబట్టి ‘అతివేగాన్ని అరికడితే 72 శాతం మరణాలు ఆగుతాయి’ అనడం నివేదిక అర్థం కాదు. రెండో ఉచ్చు స్థలాల ఎంపిక. అయిదు వందల మీటర్ల లోపు మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలు కలిగించిన ప్రమాదాలు అయిదు జరిగితే, లేదా పది మరణాలు సంభవిస్తే, దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. ఏదైనా రోడ్డు బాగా చెడ్డ సంవత్సరం చూసిన తర్వాతే ఆ జాబితాలో చేరుతుంది. ఏమీ చేయకపోయినా మరుసటి ఏడాది అంకె కొంత తగ్గడం సహజం. ఆ తగ్గుదల మొత్తం కొత్త బోర్డు ఘనతగా రాసుకుంటే ఆదా ఉబ్బిపోతుంది.

మూడోది, ఒకేసారి జరిగే మార్పులు. హెల్మెట్ తనిఖీలు ముమ్మరమైతే తలగాయాలు తగ్గుతాయి, పరిమితి మారినా మారకపోయినా. చిన అవుటుపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కాజ చేరే పశ్చిమ బైపాస్ మీదికి లారీలు మళ్లే కొద్దీ బెంజి సర్కిల్ మీదుగా పోయే రహదారి మీద మరణాలు తగ్గాలి. అదే కాలంలో వేగ పరిమితి కూడా తగ్గిస్తే ఏ ప్రాణం దేనివల్ల నిలిచిందో విడదీయడం కష్టం. విడదీయాలంటే మార్పు జరగని పోలిక రోడ్లు కావాలి. ఏలూరు రోడ్డులో పరిమితి తగ్గిస్తే, అలాంటి రాకపోకలే ఉండి ఏ మార్పూ చేయని మరో రోడ్డును అదే కాలంలో గమనించాలి.

ఇన్ని అనుమానాలున్నా నివాస వీధుల్లో, బడుల ముందు, బజార్లలో 30 పరిమితికి వ్యతిరేకంగా బలమైన ఆర్థిక వాదన కనబడదు. అక్కడ కాల నష్టం నామమాత్రం, ప్రాణానికి ఏ విలువ వేసినా తూకం అటే మొగ్గుతుంది. రోడ్డు భద్రతపై 2020 ఫిబ్రవరి నాటి స్టాక్‌హోం ప్రకటన కూడా పాదచారులు, వాహనాలు కలిసి తిరిగే చోట్ల 30 కిలోమీటర్లనే సూచించింది. 2021 ఆగస్టులో ప్యారిస్ నగరం చాలా వీధులకు దాన్నే పెట్టింది. తగవంతా పెద్ద మార్గాల మీద, అంటే బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు, ఊళ్లోంచి పోయే జాతీయ రహదారి మీద. వాటి విషయంలో అంచనా ప్రకటించేవారు ఒకే అంకె కాకుండా కనిష్ఠం, గరిష్ఠం చెప్పాలి. ప్రాణానికి వేసిన విలువ, వాడిన ఘాతాంకం, సగటు వేగం ఎంత తగ్గుతుందనుకున్నారో పక్కనే రాయాలి. నగదుగా మిగిలేది వేరుగా, విలువగా మిగిలేది వేరుగా రెండు వరుసల్లో చూపాలి. అన్నిటికంటే ముందు, పరిమితి మార్చకముందే ఆయా రోడ్ల మీద పగలు ఒకసారి, రాత్రి ఒకసారి, కనీసం ఏడాది పాటు అసలు వేగాలను కొలిచి అందరికీ అందుబాటులో ఉంచాలి. ఆ పని జరగకుండా బోర్డులు మారిపోతే, మూడేళ్ల తర్వాత ‘ఇన్ని కోట్లు ఆదా అయ్యాయి’ అన్నవారినీ, ‘ఇన్ని కోట్లు పోయాయి’ అన్నవారినీ సరిచూడడానికి ఆధారమంటూ ఏదీ ఉండదు.